చెరిపేసిన కొలతలు

ఈ రోజు పొద్దున, కాఫీ తాగి, కళ్ళజోడు తుడుచుకుని, నిండు నమ్మకంతో ఒక తప్పు చేశాను. నాంపల్లిలో మా కింది వాటాలో ఉంటూ జాకెట్లు కుట్టే ఆమెను నేను చెల్లె అని పిలుస్తాను. ఫోన్‌లో జాగా నిండిపోయి ఫోటో కూడా పడడం లేదని, జర చూడమని ఆమె తెచ్చి ఇచ్చింది. అబిడ్స్‌లో ఒక ఆయుష్షంతా రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసిన చేతులివి, అడగడమే ఆలస్యం. పాత వీడియోలు, పండగ శుభాకాంక్షలు, వాటితోపాటు గుట్టలుగా పడివున్న వాయిస్ మెసేజులు అన్నీ ఎంచి, ఒక్క దెబ్బకు తీసేసి, "ఇగ చూడు, గాలి లెక్క నడుస్తది" అని గొప్పగా ఆమె చేతిలో పెట్టాను.

ఆమె రెండుసార్లు పైకీ కిందికీ జరిపి చూసింది.

"అన్నా, కొలతలేవి?"

చెల్లెకు రాయడం అంతగా రాదు. ఖైరతాబాద్ నుంచీ హిమాయత్‌నగర్ నుంచీ గిరాకీలు భుజం ఇంత, చెయ్యి ఇంత, మెడ లోతు ఇంత అని ఫోన్‌లో చెప్పి పంపిస్తే, అది వింటూ గుడ్డ కత్తిరిస్తుంది. కొందరి ఇళ్ళకు తానే వెళ్ళి, టేపు పట్టి, తన గొంతుతోనే ఫోన్‌లో చెప్పుకుని వస్తుంది. అదే ఆమె పుస్తకం. పెళ్ళిళ్ళ రోజులు, గుడ్డలన్నీ మిషన్ పక్కన కుప్పగా ఉన్నాయి, ఒక పెళ్ళికూతురి జాకెట్టయితే రేపటికే ఇవ్వాలి. పోయినవాటిని వెనక్కి తెచ్చేందుకు నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. రాలేదు. అప్పుడు నా నాలుక మీదికి ఒక మాట వచ్చింది: ఫోన్ పాతదైంది చెల్లె, దానంతటదే పోయింది. ఆ మాట నాకు కొత్తది కాదు.

మా దుకాణం అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు కాస్త ఎడంగా, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తిరగాల్సినంత సందులో ఉండేది. మీలో చాలామందికి ఆ వాసన తెలిసే ఉంటుంది, కరిగిన సీసం, స్పిరిట్‌లో ముంచిన దూది, ఎదురుగా ఇరానీ హోటల్ చాయ్, అన్నీ కలిసిన వాసన. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో సర్క్యూట్ బొమ్మలు వెతికి తెచ్చుకుని, ఊళ్ళో నాకు తెలియని యంత్రం లేదనుకునేంత పొగరు నాకు ఇరవై అయిదేళ్ళకే వచ్చింది. పని నేర్పిన ఉస్తాద్ ఒకే ఒక్క నియమం పెట్టాడు. రిపేరయ్యాక రికార్డింగ్ చూడాలంటే గిరాకీ క్యాసెట్ బయటికి తీసి, సొరుగులో ఉన్న మన క్యాసెట్ వేసి చూడాలి. అది తీసి ఇది వేయడానికి బద్ధకించినవాణ్ణి నేను.

నాంపల్లి ఎగ్జిబిషన్‌లో కూరగాయలు తరిగే రేకు బిళ్ళలు అమ్మే ఒక పెద్దమనిషి టేప్ రికార్డర్ తెచ్చాడు. గొంతుకు ఆపరేషన్ అయింది, గుసగుస తప్ప మాట రాదు. దవాఖానకు వెళ్ళే ముందే తన కేకలన్నీ ఒక క్యాసెట్‌లో నింపుకున్నాడట, ఇక అంగడి ముందు అదే మోగాలి. నేను బెల్టు మార్చి, లోపల ఉన్న ఆయన క్యాసెట్టుతోనే రికార్డింగ్ ఎర్ర మీట నొక్కి, "హలో హలో, ఒకటి రెండు మూడు" అంటూ ఉత్సాహంగా చాలాసేపు మాట్లాడాను. ఆయన వచ్చి మోగించుకుంటే, "రండమ్మా రండి" దగ్గర ఆగి, మిగతాదంతా నా గొంతే. టేపుకు బూజు పట్టింది, పాత గొంతులు పైకి తేలుతుంటాయి అని ఏదో చెప్పాను. ఆయన నుదురు చూపించి, నసీబ్ అన్నట్టు చెయ్యి తిప్పి వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఎగ్జిబిషన్‌లో చూశాను, స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడుతూ జనాన్ని పిలుస్తున్నాడు. నేను పక్క వరసలోకి తిరిగిపోయాను. తర్వాత ఎన్నడూ వెతికి చెప్పలేదు. వెతికితే దొరికేవాడే.

అందుకే ఈ రోజు ఆ అబద్ధాన్ని మింగి, "ఫోన్ తప్పేం లేదు చెల్లె, నేనే తీసేసిన" అన్నాను.

"జాగా చెయ్యమంటే నా పనే తీసేసినవ్ గదన్నా," అని ఆమె కుప్ప ముందు కూర్చుండిపోయింది.

ఒక్కో నంబరుకూ నేనే ఫోన్ చేశాను. పంపినవాళ్ళ దగ్గర ఆ మెసేజులు ఇంకా ఉంటాయి, మళ్ళీ పంపితే చాలు. "అంకుల్, మా జాకెట్ కొలతలతోని మీకేం పని?" అని ఖైరతాబాద్ అమ్మాయి ఒకతి నిలదీస్తే, పక్కన మా ఆవిడ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. "నాకు చెప్పకు తల్లీ, ఆమెకే పంపు. చెరిపింది నేను" అన్నాను. మధ్యాహ్నానికల్లా అందరివీ వచ్చాయి, రేపు ఇవ్వాల్సిన పెళ్ళికూతురివి తప్ప. ఈ కుప్పలో అవొక్కటే చెల్లె తన గొంతుతో చెప్పుకున్నవి, మరెవరి దగ్గరా లేవు.

ఆటోలో ఆమెను ఎక్కించుకుని హిమాయత్‌నగర్ బయలుదేరాను. దారిలో మా సందు కనిపించింది. ఇప్పుడక్కడ ఫోన్ తొడుగులు వేలాడుతున్నాయి, సీసం వాసన లేదు, చెడిపోయినదాన్ని విప్పి చూసేవాళ్ళూ తక్కువే. మా రోజుల్లో ఒక గొంతు దాచుకోవాలంటే యంత్రం కొనాలి, క్యాసెట్ కొనాలి, ఇప్పుడు ప్రతివాళ్ళ జేబులోనూ వందల గొంతులు. దాచడం ఇంత సులువైనందుకేనేమో, తుడిచేసే ముందు ఒక్కసారైనా విని చూడాలని నాకు తోచలేదు.

పెళ్ళికూతురి తల్లి తలుపు తీసి విసుక్కుంది. "మొన్ననే తీసుకపోతివి గద, మళ్ళేంది?"

"ఫోన్ ఖరాబైందమ్మా," అంది చెల్లె, నా వైపు చూడకుండా.

"ఖరాబు కాలేదమ్మా. మంచిగున్నదాన్ని నేనే చెరిపేసిన. ఆమె తప్పేం లేదు," అన్నాను.

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, చెల్లెకు దారి ఇచ్చింది. లోపల ఒక్కో కొలతా గట్టిగా చెప్పుకుంటున్న చెల్లె గొంతు వినిపిస్తుంటే, అది పూర్తయ్యేదాకా గేటు బయట ఎండలో నిలబడ్డాను.