నాలుగో నిమిషంలో కొట్టిన గంట

సికింద్రాబాదులో మా బడి హాల్లో ప్రతి శనివారం సాయంత్రం ఒక సంఘం కూడేది. నలుగురిలో నిలబడి బెరుకు లేకుండా మాట్లాడటం నేర్చుకోవడానికి పెట్టుకున్న సంఘం. ఒక వారం ఇంగ్లీషు, ఒక వారం తెలుగు. మనిషికి ఏడు నిమిషాలు. ఆరో నిమిషాన బల్ల మీద గంట ఒకసారి మోగితే ముగించమని, ఏడో నిమిషాన రెండుసార్లు మోగితే కూర్చోమని అర్థం. మా బడిలో పనిచేసి రిటైరైన హెడ్మాస్టరుగారు దానికి అధ్యక్షులు.

నేను ఆ బడిలోనే చిన్న తరగతులకు చెప్పేదాన్ని. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నాన్న చర్చి పని మీద గుంటూరు నుంచి ఇక్కడికి మారితే ఆయనతో వచ్చాను. పిల్లల ముందు గలగలా మాట్లాడేదాన్ని, పెద్దవాళ్ళు నలుగురు కూర్చుంటే చెప్పాల్సింది మరిచిపోయేదాన్ని. హెడ్మాస్టరుగారు పట్టుబట్టి సంఘంలో చేర్చారు. మొదటిసారి లేచి నిలబడినప్పుడు రెండు ముక్కలు చెప్పి, మూడోది గుర్తురాక, కళ్ళనీళ్ళతో కూర్చున్నాను.

ఆ రోజు హాలు ఖాళీ అయ్యాక ఒకాయన నా దగ్గరికి వచ్చారు. నిజాం సర్కారు కచేరీలో గుమాస్తా. కార్ఖానా అనే పేటలో ఇల్లు. నలభై దాటిన మనిషి, ముస్లిం. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవారు. అయినా మా అందరిలోకి తెలుగులో బాగా మాట్లాడేది ఆయనే. నేను ఆయన్ని భాయీసాబ్ అనేదాన్ని.

“టీచరమ్మా, జనాన్ని చూడకుండ్రి,” అన్నారు. “ఆఖరి వరుసల ఒక్క కుర్చీ ఖాలీగ ఉంటది. గా కుర్చీల మీకు బాగా తెలిసిన మనిషి ఉన్నడనుకొని మాట్లాడుండ్రి. మిగిలినోళ్ళు వింటే విన్నరు, లేకుంటే లేదు.”

ఆ మాట పనిచేసింది. ఆర్నెల్లలో నేను ఏడు నిమిషాలూ నిలబడగలిగాను. ఆయన ముందు వరుసలో కూర్చుని తల ఊపుతూ వినేవారు. తప్పు మాట్లాడితే మరుసటి శనివారం దాకా గుర్తుపెట్టుకుని, ఎవరూ లేనప్పుడు చెప్పేవారు.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది వేసవి నుంచి సంఘానికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. పల్లెల నుంచి వచ్చే కబుర్లు రోజురోజుకూ పాడుగా ఉండేవి. మా సభ్యుల్లో ఒకాయనకు బజారులో బట్టల కొట్టు ఉండేది. నల్లగొండ వైపు రైతుల కుటుంబం. ఆయన తమ్ముడు ఊళ్ళో పొలం చూసుకునేవాడు. ఒకరోజు రజాకార్లు వచ్చి ఆ తమ్ముణ్ణి ఇంట్లోంచి లాక్కుపోయారు. అతను తిరిగి రాలేదు. మూడు వారాలు కనబడకుండా పోయి తిరిగొచ్చిన కొట్టు ఆయన గుండు చూసి మాకు సంగతి అర్థమైంది. ఎవరం ఏమీ అడగలేదు. ఆగస్టులో సంఘం మూసేశాం.

సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. నాలుగైదు రోజుల్లో అంతా అయిపోయింది. ఇండియా సైన్యం లారీలు బొల్లారం వైపు వెళుతుంటే మా వీధివాళ్ళు పూలు చల్లారు. నేనూ చల్లాను. కార్ఖానాలో చాలా ఇళ్ళ తలుపులు మూసి ఉన్నాయని పాలవాడు చెప్పాడు. అప్పుడు నేను ఆ మాట చెవిన పెట్టలేదు.

నవంబరులో హెడ్మాస్టరుగారు కబురు పెట్టారు, శనివారం నుంచి మళ్ళీ కూడుదామని. మొదటి రోజు విషయం ‘ఈ ఏడు నా ఇంట్లో జరిగింది’. రాజకీయాలు వద్దు, ఎవరి ఇంటి సంగతి వాళ్ళు చెప్పుకుందాం, మనసులు తేలికపడతాయి అన్నది ఆయన ఆలోచన. నన్ను గంట దగ్గర కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం పద్నాలుగు మందిమి వచ్చాం. భాయీసాబ్ అందరికంటే ఆఖరున వచ్చారు. ఎప్పుడూ పెట్టుకునే ఎర్రటి రూమీ టోపీ లేదు. టోపీ లేకుండా ఆయన తలను మేమెవరం అంతకుముందు చూసినవాళ్ళం కాదు. ముందు వరుసలో ఆయన కుర్చీ ఖాళీగానే ఉంది, కానీ గోడ పక్కన కూర్చున్నారు. నాకు చెయ్యెత్తి ఆదాబ్ చేశారు. నేను తల ఊపాను.

మొదట ఒక రైల్వే గుమాస్తా తన కూతురు పుట్టిన సంగతి చెప్పాడు. తర్వాత కొట్టు ఆయన లేచారు. తమ్ముడి పేరు చెప్పారు. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగా తీసుకుపోయారని చెప్పారు. అమ్మ ఇంకా ఆ చెంబు ఎవరినీ ముట్టనివ్వడం లేదని చెప్పారు. రెండు నిమిషాలు కూడా కాకుండానే కూర్చున్నారు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక మేము అలాగే ఉండిపోయాం.

హెడ్మాస్టరుగారు ఇంకెవరినో పిలవబోతుండగా భాయీసాబ్ లేచి బల్ల దగ్గరికి నడిచారు.

మొదటి మాటలు కొట్టు ఆయనతోనే అన్నారు. మీ తమ్ముని సంగతి విన్న, నాకు మీ ముంగటికి రాబుద్ధి కాలే అన్నారు. ఆ తర్వాత తన చెల్లెలి గురించి మొదలుపెట్టారు. ఆమెను బీదర్ వైపు ఒక ఊరికి ఇచ్చారు. భర్త దర్జీ. సైన్యం వచ్చిన మూడో రోజు ఆ ఊళ్ళో ముస్లింల ఇళ్ళ మీదికి ఒక గుంపు వచ్చింది.

హాల్లో ఎవరో కుర్చీ జరిపారు. వెనక నుంచి ఒక గొంతు, ఇదంతా ఇప్పుడెందుకు అంది. హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నా వైపు చూశారు. నేను కొట్టు ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని ఉన్నారు. అరచేతులు రెండూ మోకాళ్ళ మీద బిగించి పెట్టుకున్నారు.

భాయీసాబ్ గొంతు పెంచలేదు. “ఊర్లె అందరి బట్టలు నా చెల్లె పెనిమిటే కుట్టేటోడు,” అన్నారు. “వచ్చినోళ్ళ ఒంటి మీద సుత ఆయన కుట్టిన అంగీలే ఉండె. నా చెల్లె గవి గుర్తుపట్టింది. గప్పుడు ఆమె వాళ్ళతోని ఏమన్నదంటే...”

నేను గంట కొట్టాను. రెండుసార్లు.

గోడ గడియారంలో నాలుగు నిమిషాలే అయ్యాయి. ఆయన గడియారం చూశారు, తర్వాత నన్ను చూశారు. కోపం లేదు ఆ చూపులో. లెక్క తప్పిన పిల్లవాణ్ణి చూసినట్టు కాసేపు చూసి, “షుక్రియా,” అని వెళ్ళి తన చోట కూర్చున్నారు. హెడ్మాస్టరుగారు గబగబా తర్వాతి మనిషిని పిలిచారు. ఆ మనిషి మాట్లాడుతుండగానే భాయీసాబ్ చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపోయారు.

సభ అయ్యాక కుర్చీలు సర్దుతుంటే కొట్టు ఆయన నా దగ్గరికి వచ్చారు. నేను చేసిన మేలు గుర్తించి ఏదైనా మంచి మాట అంటారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

“గంట ఎందుకు కొట్టిన్రు టీచరమ్మా?” అన్నారు. “ఇంక మూడు నిమిషాలుండె. నేను సుత గడియారం చూస్తున్న.”

మీరు బాధపడుతున్నారేమోనని, అన్నాను.

“బాధ ఉంటది. నేను నా తమ్ముని ముచ్చట చెప్పినంతసేపు ఆయన కండ్లు దించలే. ఆయన చెల్లె ముచ్చట నేను వినద్దా? ఆమె ఏమన్నదో ఇప్పుడు నాకెట్ల తెలుస్తది?”

నేను భయపడింది ఆయన కోసం కాదు. వెనక నుంచి వచ్చిన ఆ గొంతుకు, హెడ్మాస్టరుగారి చూపుకు భయపడ్డాను. ఇంటికి వెళ్ళే దారిలో ఆ సంగతి నాకు తెలిసొచ్చింది. ఆ పూట అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేదా అని నాన్న అడిగితే అవునన్నాను.

మరుసటి శనివారం భాయీసాబ్ రాలేదు. ఆ పై శనివారమూ రాలేదు. అప్పుడు నాన్నకు జరిగింది చెప్పాను. ఆయన ఆదివారం ఆరాధన అయ్యాక నాతో కార్ఖానాకు బయల్దేరారు.

ఇంట్లో సామాను మూటలు కట్టి ఉంది. కచేరీలో ఆయన ఉద్యోగం తీసేశారట. బొంబాయిలో భార్య తమ్ముడు ఉన్నాడు, అక్కడికి పోతున్నాం అని చెప్పారు. నాన్నను మంచం మీద కూర్చోబెట్టి టీ ఇప్పించారు. లోపలి గదికి గోనెపట్టా తెర కట్టి ఉంది. దాని వెనక ఒక మనిషి నేల మీద కూర్చుని ఉన్నట్టు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. చెల్లెలని నాకు అర్థమైంది.

తప్పు చేశాను భాయీసాబ్, అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఏడు నిమిషాలు తడబడకుండా మాట్లాడటం నేర్పింది ఆయనే, ఆయన ముందే మాటకు మాట అతకలేదు.

“మీరు భయపడ్డరు,” అన్నారు ఆయన. “నాకు సుత భయమే. లేకుంటే ఇల్లు ఇడిసి ఎందుకు పోత?”

ఆ రోజు ఆపేసిన మాట ఇప్పుడు చెప్పమని అడిగాను. ఆయన తెర వైపు చూసి గొంతు తగ్గించారు.

“వద్దు టీచరమ్మా. గా దినం పదిమంది ముంగట చెప్పనా అని చెల్లెను అడిగి వచ్చిన. గా ఒక్కసారికే అడిగిన. మళ్ళ అడగలేను.”

టీ చల్లారిపోయింది. నాన్న ప్రార్థన చేయనా అని అడిగారు. చేయండి అన్నారు ఆయన. నాన్న తెలుగులో రెండే మాటలు చెప్పి ఆపేశారు. భాయీసాబ్ గుమ్మం దాకా వచ్చి మమ్మల్ని సాగనంపారు. ఆ వారంలోనే వాళ్ళు వెళ్ళిపోయారని తెలిసింది.

సంఘం ఇంకో ఏడాది నడిచింది. నేను మానేశాను. అడిగిన వాళ్ళకు బడి పని ఎక్కువైందని చెప్పాను.

ఆ నలభై ఎనిమిది క్రిస్మసుకే, గుంటూరులో ఉన్న మా చెల్లికి బట్ట కొనడానికి బజారుకు వెళితే కొట్టు ఆయన కనిపించారు. నేను భాయీసాబ్ ఇంటికి వెళ్ళిన సంగతి ఆయనకు ఎవరో చెప్పినట్టున్నారు. బట్ట చింపి, కాగితంలో చుట్టి ఇస్తూ, బొంబాయి చిరునామా ఇస్తారా, ఒక ఉత్తరం రాయాలి అన్నారు.

నేను అడగలేదని చెప్పాను.

ఆయన సరేనన్నట్టు తల ఊపి, నా వెనక నిలబడిన ఇంకొకావిడకు ఏం కావాలో కనుక్కోవడానికి అటు తిరిగారు.