అయిదు నిమిషాల పని

మా మామయ్య టైలరు. ముప్పై ఏళ్లుగా ఆయనకు గంటలతో పని లేదు, పీసులతోనే పని. చొక్కాకు ఇంత, ప్యాంటుకు ఇంత, కాజాకు ఇంత. "ఎంతసేపు పడుతుంది?" అని ఎవరైనా అడిగితే "సేపు నా గొడవ, కొలత నీ గొడవ" అనేవాడు. నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడతాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన సూదిమామ.

అత్తయ్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఇరవై రోజులకు ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపించేశారు. పిల్లలు లేరు. మేనల్లుణ్ణి నేనున్నా, పగలు నాకు ఉద్యోగం. రాత్రిపూట మామయ్య చూసుకుంటాడు. కొట్టు రెండు బస్సుల దూరం. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా అక్కడ ఉండకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ పది గంటలు అత్తయ్య దగ్గర ఎవరుంటారు?

మామయ్య ఒక అట్టముక్క మీద సుద్దతో లెక్క వేశాడు. ఒళ్లు తుడవడం అరగంట. రెండుసార్లు తినిపించడం నలభై నిమిషాలు. గుడ్డలు మార్చడం మూడుసార్లు, ముప్పావుగంట. మందులు పది నిమిషాలు. డాక్టరు చెప్పినట్టు రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం సారికి నిమిషం, అయిదుసార్లకు అయిదు నిమిషాలు.

"చూడరా, పుస్తకాలు చదువుతావుగా" అని నా చేతికిచ్చాడు.

కూడి చూశాను. రెండు గంటల పది నిమిషాలు. తప్పేం లేదన్నాను. మనిషి శ్రమను ఎవరెవరు ఎలా దోచుకుంటారో లావు పుస్తకాల్లో చదివినవాణ్ణి. ఆ అట్టముక్కలో నాకేమీ కనిపించలేదు.

ఇళ్లకు ఆయాలను పంపే ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. గాజు తలుపు, గోడ మీద నవ్వుతున్న ముసలావిడ ఫోటో. బల్ల వెనకున్న అమ్మాయి తల ఎత్తకుండానే చెప్పింది.

"నాలుగు గంటలకి తక్కువైతే పంపించం సార్. నాలుగు గంటలకి ఆరు వందలు. పగలంతా అయితే పదమూడు వందలు. గ్లవ్స్, డైపర్లు మీరే కొనుక్కోవాలి. ఆదివారం ఒకటిన్నర రెట్లు."

"ఆదివారం జబ్బు సెలవు తీసుకుంటుందేమో అడిగి చెప్తానమ్మా" అన్నాడు మామయ్య. ఆ అమ్మాయి నవ్వలేదు.

కొట్టులో పదమూడు వందలు కళ్లచూసే రోజులు నెలకు నాలుగో అయిదో. రెండు గంటల పనికి నాలుగు గంటలు కొంటున్నాం, ఇంకేం కావాలి అనుకుని మామయ్య సంతకం పెట్టాడు.

ఆయా నలభై దాటిన మనిషి. తొమ్మిదికి వచ్చి ఒంటిగంటకు వెళ్లేది. చేయాల్సినవన్నీ చేసేది. వెళ్లేముందు అత్తయ్య ఎడమచేతికి అందేలా స్ట్రా వేసిన నీళ్ల సీసా పెట్టి, బయట తాళం వేసి తాళంచెవి కింది వాటాలో ఇచ్చేది. మామయ్య ఏడు దాటాక వచ్చేవాడు.

మూడో వారంలో ఒక పొద్దున ఆమె మామయ్యను గుమ్మం దగ్గరే ఆపింది.

"బాబాయ్, ఒకసారి ఇటు రండి."

అత్తయ్య తుంటి మీద అరచేయంత ఎర్రటి మచ్చ. మధ్యలో చర్మం లేచిపోయింది.

"అయిదుసార్లు తిప్పమన్నా కదమ్మా" అన్నాడు మామయ్య.

"పదకొండుకి ఒకసారి, వెళ్లేటప్పుడు ఒకసారి తిప్పుతున్నా. మూడింటికి ఎవరు తిప్పుతున్నారు? అయిదింటికి ఎవరు?"

మామయ్య జేబులోంచి అట్టముక్క తీశాడు. "అయిదు నిమిషాల పనే కదా. దానిక్కూడా కలిపే ఇస్తున్నా."

"అయిదు నిమిషాల పనే బాబాయ్. ఈ నిమిషానికీ ఆ నిమిషానికీ మధ్య రెండేసి గంటలు నేను ఇక్కడే ఉండాలి. ఊరికే కూచునైనా సరే, ఉండాలి."

మామయ్య అట్టముక్కను మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మరి పగలంతా నువ్వే ఉంటే?"

"పదమూడు వందలకి తగ్గరు. నా చేతికొచ్చేది సగం. నేరుగా మీ దగ్గరికి రాకుండా కాయితం రాయించుకున్నారు, లేకపోతే వచ్చేదాన్నే."

ఆ నెల జీతం ముట్టేదాకా ఆమె వచ్చింది. దుప్పటి మడతపెట్టి ఒంటికింద వేసి, అంచు పట్టుకుని నొప్పి పుట్టకుండా ఎలా తిప్పాలో మామయ్యకు నేర్పింది. "కుట్టేవాళ్లకి చెయ్యి తిన్నగా వస్తుంది" అని మెచ్చుకుంది కూడా.

మామయ్య కొట్టు ఇచ్చేశాడు. ఒక మిషను మూడో అంతస్తులోని ఇంటికి నేనూ ఆయనా మోశాం. లిఫ్టు లేదు. పాత ఖాతాదార్లలో ఒకరిద్దరు ఎక్కి వచ్చారు, ఆయాసపడి మళ్లీ రాలేదు. ఇప్పుడు ఆ మేడలోవాళ్ల జిప్పులు, అంచులు మాత్రమే. రోజుకు రెండు వందలొస్తే ఎక్కువ. ఆయాకు ఇవ్వలేని పదమూడు వందలను మామయ్య మరోరకంగా కడుతున్నాడు. దానికి రసీదు ఇచ్చేవాళ్లు లేరు.

మిషను తెచ్చిన మర్నాడు ఆదివారం, పొద్దున నేను అక్కడే ఉన్నాను. అత్తయ్య చాలాసేపు దాన్ని చూసింది. మాట వంకరగా, ముక్కలుగా వస్తుంది.

"కొ... కొట్టు?"

"ఇచ్చేశా."

"ఎవ...రికి?"

"ఫోను కవర్లు అమ్ముకునే కుర్రాడికి. మంచివాడే."

అత్తయ్య ఎడమచేత్తో మంచం ఊచ పట్టుకుని, బలమంతా పెట్టి ముఖాన్ని గోడవైపు తిప్పుకుంది. మామయ్య జిప్పు కుట్టుకుంటూ కూచున్నాడు. పదకొండు కాగానే లేచాడు. దుప్పటి అంచు పట్టి మెల్లగా ఆమెను తనవైపు తిప్పాడు. ముఖం ఇటు వచ్చింది. కళ్లు మాత్రం తెరవలేదు.

"ఒంటిగంట దాకా ఇటే ఉండాలి మరి" అన్నాడు మామయ్య.