పూలవ్వ మూర

మా ధూల్‌పేట్ గల్లీ పూలవ్వ ఈ పొద్దున పోయింది. ఈ మాట రాసి మళ్లీ చదువుకున్నా నమ్మబుద్ధి కావడం లేదు. నిన్న సాయంత్రమే నాకు మూరెడు మల్లెలు ఇచ్చి, "జడ ఏంది బిడ్డా గిట్ల పల్చబడ్డది? నూనె పెడ్తలేవా?" అని కోప్పడిన మనిషి. ఆ పూలు ఇంకా వాడనే లేదు. చాయ్ అడిగిందట, కోడలు తెచ్చేలోపు గోడకు ఒరిగిపోయిందట. ఇదేం పోవడం? నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

నయాపూల్ దగ్గర గంప పెట్టుకుని కూర్చునేది. మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా మూర. అవ్వ మనిషే పొట్టి, ఆమె మూరా పొట్టిదే. ఒకసారి బాగా పొడగరి వకీలు సాబ్ ఒకాయన లొల్లి పెట్టుకున్నాడు.

"నీ చెయ్యి చిన్నగున్నది అవ్వా, నా చెయ్యితో కొలువు."

"కొలుచుకో సారూ, ఫికర్ లేదు. గా చెయ్యితోనే అల్లుకో గూడ" అని విడిపూలు ఆయన ముందుకు జరిపింది. ఆయన నవ్వేసి, ఆమె మూరే తీసుకుని పోయాడు.

అవ్వకు పొడుగంటే మూరే. పూలకే కాదు, పొద్దుకు కూడా. "రెండు మూరలు అల్లేదాంక కూసో, బస్సొస్తది" అనేది. చాంద్రాయణగుట్ట ఎంత దూరమని ఎవరో అడిగితే "ట్రాఫిక్ లేకుంటే నాలుగు మూరలు" అంది. పడీ పడీ నవ్వాం కానీ, ఫోన్ చెప్పే నిమిషాల కంటే నాకు ఆ లెక్కే తొందరగా అర్థమయ్యేది. కడుపుతో ఉన్నవాళ్లకు మూర మీద బెత్తెడు వదిలి తెంపేది. ఎందుకంటే, "లోపల ఇంకొకలు ఉన్నరు గద" అనేది.

కోడలు పక్కనే కూర్చుని అల్లేది. కొలవడం మాత్రం అవ్వే. "నేనున్నన్ని దినాలు కొలత నాది, అల్లిక నీది" అని ఎప్పుడో పంచేసింది. కోడలికీ అదే హాయిగా ఉండేది. ఇక రేపు ఆ గంప ముందు ఆ పిల్ల ఒక్కతే ఎట్లా కూర్చుంటుందో నాకు తోచడం లేదు.

ఇందాక వెళ్లొచ్చాను. అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టాలి, దారం తెమ్మన్నాడొక పెద్దమనిషి. కోడలు లోపలికి పోయి పూలు అల్లే దారపు ఉండ తెచ్చింది. కొస పట్టుకుని లాగి, తెంపబోయి ఆగింది. అవ్వ మొహం మీదికి వంగి, రోజూ అడిగినట్టే అడిగింది.

"ఎంత పొడుగు తెంపాలె అత్తమ్మా?"

అడిగాక గానీ ఆమెకే తెలియలేదు, ఎవరిని అడిగిందో. ఉండ చేతిలోంచి జారింది. మెట్టు దిగి, మా అందరి కాళ్ల మధ్య నుంచి విప్పుకుంటూ గల్లీలోకి దొర్లిపోయింది. ఎవరమూ దాన్ని ఆపలేదు.