ఖోఖో స్తంభాల రంగు

రేవతి చిన్నమ్మ పొద్దున్నే కారు స్టార్ట్ చేసి, దాన్ని అలా గుర్రుమననిచ్చి, గేటు ముందు ముగ్గు వేసేది. చల్లగా ఉన్న ఇంజన్ని తొక్కకూడదని వాళ్ళన్న నేర్పాడు. ముగ్గు పూర్తయ్యేసరికి ఇంజను వేడెక్కేది. చేతికంటిన పిండి దులుపుకుని, మెడలో విజిల్ వేసుకుని, స్టీరింగు ముందు కూర్చునేది.

ఆమె మా అమ్మకు చెల్లెలు. భాకరాపేట కనుమకు అవతల ఒక హైస్కూల్లో ఆటల టీచరు. వయసులో జిల్లా ఖోఖో జట్టుకు ఆడింది. పెళ్ళి చేసుకోలేదు; ఎందుకని అడిగేవాళ్ళే అలసిపోయి మానేశారు. ఎం.ఏ. చదివిన రెండేళ్ళూ నేను తిరుపతిలో ఆమె ఇంట్లోనే ఉన్నాను. నేను గదిలో పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఆమె వాకిట్లో కారు చక్రాలకు గాలి చూసుకునేది. బడి పిల్లలు ఆమెను టర్బో మేడం అనేవాళ్ళు. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండేది.

కారు చూడటానికి చిన్నది. సందుల్లో తిరగడానికి డాక్టర్లు కొనుక్కునే రకంలాగే ఉంటుంది. బానెట్ కింద మాత్రం టర్బో ఇంజను. తొక్కితే ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, తర్వాత వెనకనుంచి ఎవరో నెట్టినట్టు దూకుతుంది. అది మొదట మునిచంద్ర మామది. అంటే చిన్నమ్మకు అన్న. చిత్తూరులో మామిడిగుజ్జు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పుతాడు. కార్వేటినగరం రోడ్డు మీద చిన్నమ్మకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే, ఆ కారులోనే.

"సూడు రేవూ, జబ్బు లేని బండి యాడా ఉండదు. యాడ జబ్బుండాదో తెలిస్తే అది మంచి బండి," అనేవాడు.

ఆ కారు జబ్బులన్నీ ఆయనకు కంఠతా. ఇంజను పక్కన నీళ్ళు పోయే ప్లాస్టిక్ గూడు మన ఎండలకు అతుకు దగ్గర చీలుతుంది. టర్బో నుంచి గాలి పోయే రబ్బరు పైపు వేడికి మెత్తబడి ఊడుతుంది. ముందు చక్రాల బుష్షులను మన స్పీడు బ్రేకర్లు తినేస్తాయి. ఇవన్నీ దారిలో నిలబెట్టే జబ్బులే కానీ ప్రాణం తీసేవి కావు. ప్రాణం తీసేది బ్రేకు. మైదానంలో బాగానే పడుతుంది. కనుమ దిగేటప్పుడు పదే పదే తొక్కితే వేడెక్కి వదిలేస్తుంది. ఇంజనుకున్నంత దూకుడుకు కంపెనీ వాళ్ళిచ్చిన బ్రేకు చాలదని మామ వాదన.

అందుకే ఒక్కొక్కటిగా మార్పించాడు. ప్లాస్టిక్ గూడు తీసి లోహపుది, రబ్బరు పైపు తీసి మందపాటి సిలికాన్‌ది. అన్నిటికంటే మోజుగా, ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, వాటిని పట్టుకునే పెద్ద కాలిపర్లు, వాటికి తగ్గ పెద్ద చక్రాలు. అన్నీ పూతలపట్టు కూడలిలో మెకానిక్ ప్రేమానందం షెడ్డులోనే చేయించాడు. మోతచేసే సైలెన్సర్లు, వెనక రెక్కలు పెట్టించుకునే కుర్రాళ్ళను చూస్తే ఆయనకు నవ్వు. "ఉరికేదానికి ఖర్చు పెడతారు, నిలబడేదానికి పెట్టరు," అనేవాడు.

ఆ కాలిపర్లకు రంగు వేసింది చిన్నమ్మ. బడిలో ఖోఖో స్తంభాలకు వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా పట్టుకొచ్చి, కింద గోనెపట్ట పరుచుకుని, చక్రాలు విప్పించి కుంచెతో పూసింది. కుంచె వెంట్రుకలు రెండు మూడు రంగులోనే అంటుకుపోయాయి. అది అంత వేడికి తట్టుకునే రంగు కాదు కాబట్టి కొద్ది రోజులకే ఇటుక రంగుకు తిరిగింది. అయినా కారు పోతుంటే చక్రాల కమ్మీల మధ్య ఆ ఎరుపు కనబడేది.

"యాభై ఏండ్లోడు మీసానికి గోరింటాకు పెట్టుకున్నట్టుండాది మే," అని మామ ఎగతాళి చేశాడు.

"నీకూ యాభై దగ్గిర పడినాయి. మిగిలిన రంగు ఇస్తా, పూసుకుంటావా?" అంది చిన్నమ్మ.

పోయిన సంక్రాంతి దాటాక మామకు అదే కంపెనీవాళ్ళ కొత్త బండి మీద మనసు పోయింది. పాతది నువ్వే తీసుకో అన్నాడు. ఆయన అడిగినంతా ఇచ్చింది చిన్నమ్మ. తీసుకునే ముందు ప్రేమానందానికి ఒకసారి చూపిద్దామా అని నేను అంటే అవ్వ, అంటే వాళ్ళ అమ్మ ఆదిలక్ష్మమ్మ, నా మీద కోప్పడింది.

"సొంత అన్న బండికి మేస్త్రీ పరీక్షలా? కాణిపాకంలో పూజ చేసి ఇస్తాడంట. అంతకంటే ఏం కావాల?"

మా జిల్లాలో ఆ మాట తర్వాత మాట లేదు. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధం ఆడినవాడు బాగుపడడని మావాళ్ళ నమ్మకం. పొలం గట్టు తగాదా అయినా, దొంగతనం మాటైనా, చివరికి 'కాణిపాకానికి వస్తావా?' దగ్గరే తేలుతుంది. అక్కడికి పిలిచినవాడిని ఎవరూ అనుమానించరు.

మామ కారును మెరిసేలా కడిగించి కాణిపాకం గుడి ముందుకు తెచ్చాడు. పెద్ద చక్రాలు లేవు. కంపెనీవి, ప్లాస్టిక్ మూతలున్న చిన్న చక్రాలు ఉన్నాయి. "మీ కనుమ రోడ్డు గుంతలకు ఇవే మేలు. పెద్దవి పగిలిపోతాయి," అన్నాడు. నిజమేననిపించింది. మూతల వెనక ఏముందో కనబడదు కదా. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. టెంకాయ కొట్టారు. తర్వాత మేమంతా గుడి లోపలికి బయలుదేరితే ఆయన కదల్లేదు.

"మీరు పోయి రాండి. నేను బండి కాడ ఉంటా. జనం రాసుకుంటా పోతా ఉండారు, ఎవురన్నా గీస్తారు."

"దేవుని కంటే బండి ఎక్కువైపోయింది వీనికి," అంది అవ్వ మురిపెంగా. నేను వెనక్కి తిరిగి చూస్తే ఆయన తువ్వాలుతో అద్దం తుడుస్తున్నాడు.

ఏప్రిల్‌లో ఒక శనివారం చిన్నమ్మ బడిలో ఆటల పోటీలు. బహుమతులు సర్దిపెట్టడానికి నన్నూ తీసుకుపోయింది. సాయంత్రం తిరిగొస్తుంటే కనుమలో మా ముందు టమోటా లారీ ఒకటి నత్తలా దిగుతోంది. దాటడానికి చోటు లేదు. చిన్నమ్మ గేరు తగ్గించి, అవసరమైనచోట బ్రేకు తొక్కుతూ వస్తోంది. మూడో మలుపుకో నాలుగో మలుపుకో కాలిన వాసన వచ్చింది. లారీదనుకున్నాను. తర్వాత చిన్నమ్మ కాలు నేలకు తగిలిన చప్పుడు వినబడింది. మళ్ళీ తొక్కింది. మళ్ళీ అదే చప్పుడు.

"బ్రేకు లేదు," అంది మామూలుగా, ఉప్పు లేదన్నట్టు.

లారీ వెనక తలుపు దగ్గరైపోతోంది. ఆమె రెండో గేరుకు, అక్కడినుంచి మొదటి గేరుకు దించింది. ఇంజను అరిచింది. చేతి బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కారును కొండవైపు కాలువకు ఒరిపించింది. పక్కంతా రాతికి గీసుకుంటూ పోయి, మట్టికుప్పలో ముక్కు దూర్చి ఆగింది. రాయి అడ్డుపడి నా వైపు తలుపు తెరుచుకోలేదు. ముందు చక్రాలనుంచి పొగ లేస్తోంది. ఆమె నా తల, చేతులు తడిమి చూసి, విజిల్ నోట్లో పెట్టుకుని వెనక వచ్చే బస్సును ఆపడానికి రోడ్డు మీదికి పోయింది.

ఇంటికి చేరాక ఆమె అన్నది ఇది: "నాదే తప్పు. ఎక్కువగా తొక్కేసి ఉంటా. అన్నకు చెప్పొద్దు, అదిరిపోతాడు."

కారును ప్రేమానందం షెడ్డుకు లాగించాం. నడివయసు మనిషి, మాటకారి. చక్రం విప్పి, కాలి నల్లబడిన చిన్న డిస్కును చూపించాడు.

"కంపెనీ బ్రేకులతో ఆ కనుమ దిగితే ఇంతే గదక్కా. దీంట్లో ఉండే ఆయిలు గూడా పాతదే. నేను ఆ పొద్దే చెప్తి మునిచంద్రన్నకు."

"కంపెనీ బ్రేకులేంది? దీంట్లో ఉండేవి పెద్దవి గదా," అంది చిన్నమ్మ.

ప్రేమానందం స్పానర్ కింద పెట్టాడు. "అవి తీసేస్తిమి గదక్కా, కాణిపాకం పోయే ముందర. పైపు గూడా. నువ్వే వద్దన్నావంట గదా. 'నా చెల్లెలు మెల్లగా పోతుంది, అంత గట్టి బ్రేకులు తొక్కితే భయపడతాది, పాతవే ఏయి' అని చెప్పె. నీళ్ళ గూడు మాత్రం ఇడిపించేదానికి పొద్దు పోతుందని వదిలేసినాడు."

చిన్నమ్మ ఆ డిస్కు మీద వేలు రాసి, వేలికి అంటిన మసిని చూసుకుంది.

కొత్త బ్రేకులు తెప్పించి బిగించాక, సొట్టపోయి గీతలు పడ్డ తలుపుతోనే కారు తీసుకుని నేరుగా చిత్తూరు పోయింది. నేను పక్కన ఉన్నాను. మామ ఇంటి ముందు ఆయన కొత్త బండి నిలబడి ఉంది. చిన్నమ్మ ఇంట్లోకి పోకుండా దాని ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. నేనూ వంగి చూశాను. కమ్మీల వెనక ఇటుక రంగు. దానిలో అతుక్కుపోయిన కుంచె వెంట్రుక.

"చక్రం కాడ ఏం జేస్తా ఉండావే? కాఫీ సల్లారిపోతాది, రా," అని అవ్వ గడపలోంచి పిలిచింది.

లోపల మామ మాత్రం మంచి కులాసాగా ఉన్నాడు. తలుపు సొట్ట సంగతి విని నిజంగానే కంగారుపడ్డాడు, నా భుజం తట్టాడు. చిన్నమ్మ నెమ్మదిగా అడిగింది.

"అన్నా, నా బండి బ్రేకులు తీయించినావా?"

"ఎవురు చెప్పింది? ప్రేమానందమా? వానికి మతుండాదా? రోజుకు పది బండ్లు చూస్తాడు, ఏది ఎవురిదో వానికేం తెలుసు?"

"నేను అడిగేది వాన్ని కాదు, నిన్ను."

"నీ మీద ప్రమాణం మే. నేను పెట్టినవి పెట్టినట్టే ఇచ్చినా."

"నా మీద వద్దు. కాణిపాకానికి రా. ఆడ చెప్పు. తీయించినానని చెప్పినా చాలు, లేదని చెప్పినా చాలు. లేదంటే నేనే కాలు తప్పేసినానని నమ్ముతా. ఇంగ ఎప్పుడూ అడగను."

బయట చక్రంలో ఏం చూసిందో ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే అక్కడే తేలిపోయేది. ఆమెకు కావలసింది అది కాదు.

మామ నవ్వబోయాడు. అవ్వ అప్పటికే గుడికని తలకు నీళ్ళు పోసుకున్న మనిషిలా లేచి నిలబడింది. "పోయి చెప్పి రాప్పా. నీకేం భయం? నేనూ వస్తా. ఆడబిడ్డ మనసులో పురుగు పెట్టుకోని పోకూడదు."

ఇక తప్పించుకోలేక మామ ముందు సీట్లో కూర్చున్నాడు. నేనూ అవ్వా వెనక. చిన్నమ్మ నడుపుతోంది. అవ్వ ఒక్కతే మాట్లాడుతోంది, ఈ ఏడు మామిడి కాపు గురించి. పెద్దరోడ్డు మీదినుంచి కాణిపాకానికి తిరిగే మలుపు రాగానే మామ అన్నాడు:

"ఆపు."

చిన్నమ్మ తొక్కింది. కారు ఊగకుండా, జారకుండా గీత గీసినట్టు నిలబడింది. మామ కిందికి, ఆమె పాదం వైపు చూశాడు.

"బాగా పడతా ఉండాయే," అన్నాడు. "ప్యాడ్లు యాడివి?"

తర్వాత ఆయన అద్దంలోంచి రోడ్డుకేసి చూస్తూ అన్నాడు: "బడికి పోయి వచ్చేదానికి నీకు అంత బ్రేకులు దేనికిలే అనుకున్న్యా."

"ఆ కనుమలో ఎట్ల దిగాలో నేర్పింది నువ్వే గదన్నా," అంది చిన్నమ్మ.

ఆయన దిగాడు. తలుపును ధడేలున వేయలేదు. చేత్తో దగ్గరికి తెచ్చి, వేళ్ళతో నొక్కి మూశాడు. ఆ తలుపు అలాగే వేయాలని మాకందరికీ నేర్పింది ఆయనే. రోడ్డు దాటి, చిత్తూరు వైపు పోయే ఆటో కోసం చెయ్యెత్తాడు.

"మునీ," అని అవ్వ కిటికీలోంచి ఒకసారి పిలిచింది. రెండోసారి పిలవలేదు. చాలాసేపటికి, "గుడికి పోతామా?" అని అడిగింది, ఎవరినో తెలియనట్టు.

"చెప్పేవాళ్ళు లేరు గదమ్మా," అని చిన్నమ్మ బండి తిప్పింది.

ఇప్పటికీ ఆమె ఆ కారులోనే కనుమ దాటుతోంది. పొద్దున ఇంజను స్టార్ట్ చేసి ముగ్గు వేస్తుంది. కనుమ పైన, దిగడానికి ముందు, ఒకసారి బ్రేకు తొక్కి చూసుకుంటుంది. అది మునుపు లేని అలవాటు. జూన్‌లో బడి తెరిచాక ఖోఖో స్తంభాలకు మళ్ళీ ఎర్ర రంగు వేయించింది. కొంత మిగిలింది. కాలిపర్లకు పూద్దామా చిన్నమ్మా అని అడిగాను. ఆమె డబ్బా మూత బిగించి, సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, ఆటసామాన్ల గది అటక మీదికి తోసేసింది.