నీలవేణిగారి మీద పెట్టిన సంతకం

పోయిన వారం రికార్డు గదిలో పాత ఫైళ్లు దులుపుతుంటే అడుగు అరలోంచి జిగురు సీసా ఒకటి బయటపడింది. మూత తీయగానే పులిసిన మైదా వాసన గుప్పుమంది. ఇప్పుడు కాగితాలన్నీ కంప్యూటర్లలోనే కదులుతున్నాయి, కవర్లు అంటించే పని దాదాపు లేదు. కానీ ఒకప్పుడు మా ఆఫీసులో ఒక మనిషి తొమ్మిదేళ్ల పాటు అదే పని చేసింది. ఆవిణ్ణి ఆ పనిలోంచి లేపి మరో కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి నీలవేణిగారు. సీసా చేత్తో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నీలవేణిగారు పోయి తొమ్మిదేళ్లయింది.

టెక్కలిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను జూనియర్ అసిస్టెంటుగా చేరిన రెండో ఏడు ఆవిడ సూపరింటెండెంటుగా వచ్చారు. అక్కుపల్లి ఆవిడ ఊరు. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్లేవాడు, తల్లి గంపలో చేపలు పెట్టుకుని పలాస దాకా వెళ్లి అమ్మేది. నేను హరిశ్చంద్రపురంలో పురోహితుల ఇంట పుట్టినవాణ్ణి. మా ఆఫీసులో అప్పటిదాకా ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లంతా ఇంచుమించు మాలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే. ఆవిడ వచ్చిన మొదటిరోజే అందరికీ ఒక వింత కనిపించింది. గదులు ఊడ్చే పోలమ్మను కూడా ఆవిడ "పోలమ్మగారూ, మీరు" అనే పిలిచారు. పోలమ్మ వెనక్కి తిరిగి, ఇంకెవరో ఉన్నారేమోనని చూసింది. మేం నవ్వుకున్నాం.

మధ్యాహ్నం అందరం పొడుగు బల్ల దగ్గర భోంచేసేవాళ్లం. ఒకరోజు ఆవిడ క్యారేజీలో ఎండుచేపల కూర ఉంది. ఒక్కొక్కరూ ఏదో పని చెప్పి లేచిపోయారు. నేనూ నా డబ్బా తీసుకుని వరండాలోకి వెళ్లాను. మర్నాడు ఆవిడ నన్ను పిలిచి, కోపం లేకుండా అన్నారు: "మీ తిండి మీరు తినండి, నా తిండి నేను తింతాను. మీ ఇంటి పద్ధతి నాకు తెలీదేటి? ఆ చివరన కూకోండి, ఈ చివరన నేను కూకుంతాను. బల్ల మాత్రం ఒకటే ఉండాల శర్మగారూ." నేను తల ఊపాను. మర్నాటి నుంచి బల్లకు ఆ చివరన కూర్చున్నాను. మిగతావాళ్లు రాలేదు.

తొమ్మిదేళ్లు కవర్లు అంటించిన మనిషి కాంతమ్మ. మందస వైపు కొండల్లోని సవర గిరిజన కుటుంబం ఆవిడది. నాకంటే ఏడేళ్లు ముందు అదే ఉద్యోగంలో చేరినా ఆవిడకు ఒక్క ఫైలూ ఇచ్చినవాళ్లు లేరు. సిబ్బంది సర్వీసు రిజిస్టర్లు, సెలవులు, ప్రమోషన్లు చూసే సీటు మా ఆఫీసులో అన్నిటికంటే విలువైనది. అది ఎప్పుడూ సీనియర్ అసిస్టెంటు భాస్కరరావుగారు చెప్పిన మనిషికే దక్కేది. అప్పుడు నా దగ్గర ఉండేది. నీలవేణిగారు పనుల పంపకం మార్చి ఆ సీటు కాంతమ్మకు రాశారు, కవర్లు అంటించే తపాలా పని నాకు రాశారు.

భాస్కరరావుగారు కాగితం పట్టుకుని వచ్చారు. "ఆవిడ రిజర్వేషన్లో వచ్చిన మనిషండీ. నాలుగు ముక్కలు రాయడం రాదు. ఆఫీసు పరువు పోతాది."

"రాదని ఎలాగ తెలిసింది? ఎప్పుడన్నా ఇచ్చి సూసారా?" అన్నారు నీలవేణిగారు. "నేనూ అలాగే వచ్చానండి. ఎవరో ఓపిగ్గా నేర్పారు, నాకొచ్చింది. ఈవిడకి శర్మగారు నేర్పుతారు."

నేర్పాను, ఇష్టం లేకుండానే. ఫైల్లో నోటు ఎలా మొదలుపెట్టాలో, ఏ నిబంధన ఎక్కడ చూడాలో చెప్పాను. మొదటి నోటు రాసి ఇచ్చిన రోజు కాంతమ్మ కాగితాన్ని నా బల్ల మీద బోర్లా పెట్టింది. "తప్పు రాత్తే నవ్వుతారని ఇన్నాళ్లూ పెన్ను అట్టుకోలేదు సార్" అంది. ఆ నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. అయినా ఆ పూట నాకు కలిగింది సిగ్గు కాదు, నా సీటు నిజంగానే పోతుందన్న భయం.

ఆ భయంలో ఉండగానే భాస్కరరావుగారు ఒక కాగితం నా ముందు పెట్టారు. "ఆవిడ మనల్ని తొక్కేత్తంది శర్మా. సదవక్కర్లేదు, అందరూ పెట్టేసారు. నువ్వూ పెట్టీ." అందరూ పెట్టలేదు. పైన రెండు సంతకాలే ఉన్నాయి. చదవకుండానే మూడోది పెట్టాను.

రెండు నెలలకు విచారణ అధికారి వచ్చి ఆ ఫిర్యాదును మా అందరి ముందూ పైకి చదివారు. నీలవేణిగారు కుల విభేదాలు సృష్టిస్తున్నారనీ, అర్హత లేనివారిని అందలం ఎక్కిస్తున్నారనీ అందులో ఉంది. వింటూ ఆవిడ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. అధికారి నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "ఈ సంతకం మీదేనా?" చదవకుండా పెట్టానని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. "నాదేనండీ" అని కూర్చున్నాను. విచారణ తేలేదాకా ఆవిడకు రావలసిన ప్రమోషన్ ఆపేశారు.

అది తేలలేదు. ఏడాది తిరిగేసరికి ఆవిడ కాళ్లు వాచాయి. ఆవిడ ఊరున్న ఉద్దానం ప్రాంతపు మనుషులకు ఆ వాపు అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. కిడ్నీ జబ్బు చూడని వీధి అక్కడ తక్కువ. వారానికి రెండు రోజులు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని, మిగతా రోజుల్లో ఆఫీసుకు వచ్చేవారు. తరవాత రావడం మానేశారు.

ఒక శనివారం నేను పలాస ఆసుపత్రికి వెళ్లాను. ఆవిడ చేయి యంత్రానికి కట్టి ఉంది. మొహం నల్లబడి, చిన్నదైపోయింది. పక్క మంచం మీదున్న ముసలాయనకు ఏదో దరఖాస్తు ఎలా రాయాలో చెబుతున్నారు. నన్ను చూసి కుర్చీ చూపించారు.

"మేడమ్, ఆ కాగితం మీద నేను..." అని ఆగిపోయాను.

"తెలుసండి. సదివి పెట్టారా?"

"లేదు."

ఆవిడ మెల్లిగా అన్నారు. "బాధ లేదంటే అబద్ధమవుతాది శర్మగారూ. సదివి, నిజమనుకుని పెట్టుంటే ఇంత బాధ ఉండీది కాదు." ఆవిడే మళ్లీ, "కాంతమ్మగారికి పెన్షన్ కేసులు నేర్పడం మొదలెట్టాను. సగంలో ఉండిపోనాది. అది మీరు సూడండి" అన్నారు.

సోమవారం పొద్దున్నే నా సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు పై అధికారులకు ఉత్తరం రాశాను. భాస్కరరావుగారు ఆ తరవాత రిటైరయ్యేదాకా నాతో మాట్లాడలేదు. ఉత్తరం వెళ్లిన మూడో వారం నీలవేణిగారు పోయారు. అక్కుపల్లి ఇసుకలో నడిచి వెళ్లి చూసి వచ్చాను. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "ఆఫీసోళ్లు ఇంత దూరం వచ్చారు బాబూ, మా పిల్లంటే మీకెంత పేమో" అని ఏడ్చింది. ఆ చేతులు విడిపించుకోలేకపోయాను, నిజం చెప్పలేకపోయాను.

నా ఉత్తరానికి జవాబు నెల తరవాత వచ్చింది. సంబంధిత ఉద్యోగి మరణించినందున విచారణ మూసివేయడమైనదని ఒకే వాక్యం. ఆవిడ తప్పు చేశారనీ లేదు, చేయలేదనీ లేదు.

ఆవిడ సర్వీసు రిజిస్టరులో ఆఖరి మాట రాయవలసింది కాంతమ్మే. రిజిస్టరు తెరిచి చాలాసేపు కూర్చుంది. రాశాక నా దగ్గరికి తెచ్చి, "తప్పులున్నాయేటో సూడండి సార్" అంది. మరణించిన తేదీ, కింద నిబంధన, అన్నీ గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి. ఒక్క తప్పూ లేదు. రిజిస్టరు మూసి ఇచ్చాను.

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఆవిడ ధైర్యం నాకు రాలేదు. పనుల పంపకం మార్చే ప్రతిసారీ ఎవరేమంటారోనని ఇప్పటికీ భయమేస్తుంది, అయినా మారుస్తాను. కొత్తగా చేరినవాళ్లను మొదటిరోజు కూర్చోబెట్టి ఈ సంగతంతా చెబుతాను. ఆవిడ ఏం చేశారో, నేనేం చేశానో, రెండూ. అది విన్నాక కొందరి కళ్లలో నా మీద గౌరవం తగ్గడం కనిపిస్తుంది. తగ్గనిస్తాను.