పేడ చేతులు

గున్వోర్ హెడ్‌మార్క్ మంచి మనిషి. ఉమియో ఊళ్లో ఎవరినడిగినా ఆ మాటే అంటారు. అడవిలో పుట్టగొడుగులు ఏరుకొస్తే ఇరుగుపొరుగుకి పంచుతుంది, ఎవరిమీదా గొంతెత్తదు. ఆ మంచితనం అడుగున ఇరవై ఏళ్ల పగ కుతకుత ఉడుకుతోందని ఎవరికీ తెలియదు.

అప్పట్లో ఆమె ఉప్సాలా యూనివర్సిటీలో, ప్రొఫెసర్ స్టూరే ఆల్మ్‌గ్రెన్ దగ్గర పరిశోధన చేసేది. మనిషి ఒంట్లోనూ, ఎలుక ఒంట్లోనూ ఒక ప్రోటీన్ ఉంది. అదేం చేస్తుందో తెలియదు. అది లేని ఎలుకల్ని పుట్టించారు. అవీ మామూలుగానే తిన్నాయి, తిరిగాయి, పిల్లల్ని పెట్టాయి.

"దేనికీ కొరగాని ప్రోటీన్," అని తేల్చేశాడు స్టూరే.

"మన ఎలుకలకి జబ్బంటేనే తెలీదు కదండీ! అంత శుభ్రంగా పెంచుతున్నాం. ఒకసారి క్రిములు తగలనిచ్చి చూద్దాం. ఇది రోగాన్ని అడ్డుకునేదేమో," అంది గున్వోర్.

కాఫీ బల్ల దగ్గర, అందరి ముందూ నవ్వాడు స్టూరే. "ఎంతైనా పాడిపశువుల ఇంటి పిల్లవి. పేడకంపు లేందే నీకు సైన్సు ఎక్కదులే!"

బల్లంతా నవ్వింది. గున్వోర్ ఆ చోటు వదిలేసి ఉమియో వెళ్లి, వేరే విషయం మీద డాక్టరేట్ తెచ్చుకుంది. ఆ ఎలుకలు మాత్రం స్టూరే గుప్పిట్లోనే ఉండిపోయాయి.

అన్నవాడికి అది సరదా, పడ్డవాడు మర్చిపోడు. ఇరవై ఏళ్ల తర్వాత, తన చివరి శిష్యురాలు మాయ్‌కెన్ థీసిస్‌ను సభలో ప్రశ్నించడానికి స్టూరే గున్వోర్‌నే పిలిచాడు. ఆ థీసిస్ కూడా ఆ ప్రోటీన్ దండగనే అంది. దాన్ని చీల్చి చెండాడి, గురువు పరువు గంగలో కలపాలనే గున్వోర్ రైలెక్కింది. ఆ సభలో గురువు నోరు మెదపకూడదని నియమం మరి.

"ఎలుకలకి క్రిములు తగిలించి చూడలేదేం?" అని అడిగింది.

మాయ్‌కెన్ గొంతు తగ్గించి చెప్పింది. "చూస్తానని అడిగానండీ. వద్దన్నారు. 'నీకూ గున్వోర్ పేడకంపు అంటుకుందా?' అన్నారు."

స్టూరే దిగ్గున లేచాడు. సభాధ్యక్షురాలు చెయ్యెత్తింది. "కూర్చోండి స్టూరే. గురువులు మాట్లాడకూడదు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. గున్వోర్ ప్రాణం లేచివచ్చింది.

"వెనక వాళ్లకి వినపడలేదమ్మా. ఇంకోసారి చెప్పు."

మాయ్‌కెన్ ఈసారి గట్టిగా చెప్పింది. ఆ పిల్లను గున్వోర్ ఇంకేమీ కష్టపెట్టలేదు. మాయ్‌కెన్‌కి డాక్టరేట్ వచ్చింది. "ఉమియోకి రా, ఆ ప్రయోగమేదో మనమే చేద్దాం," అని పిలిచింది కూడా.

సాయంత్రం విందులో స్టూరే నవ్వు పులుముకుని చెయ్యి చాపాడు.

"ఉండండి, పేడ చేతులు. కడుక్కొస్తా," అని వెళ్లింది గున్వోర్. మళ్లీ ఆ వైపు రాలేదు.