రాసింది నానే

మా మెల్టింగ్ ఫోర్‌మన్ గారు పోయారు. వాట్సాప్ గ్రూపులో ఆ వార్త వచ్చేసరికి నేను రివ్యూ మీటింగులో ఉన్నాను. పైన ఉదయం షిఫ్టు ఉత్పత్తి వివరాలు, కింద క్యాంటీన్ టోకెన్ల గురించి ఎవరిదో ప్రశ్న, మధ్యలో ఆయన మరణం. లేచి బయటికి వెళ్లాలనిపించింది. వెళ్లలేదు. మీటింగు అయ్యేదాకా కూర్చుని, అడిగిన వాటికి జవాబులు చెప్పి, ఆ తర్వాత మెట్ల మీద కూలబడ్డాను. ఈ మధ్య నాకు దుఃఖం కూడా పని అయ్యాకే వస్తోంది.

ఆయనెవరో చెప్పాలంటే ముందు నేనెవరో చెప్పాలి. లోహాల మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని. మా యూనివర్సిటీకీ, పెందుర్తి దాటాక ఉన్న ఒక ఫౌండ్రీకీ ఒప్పందం కుదిరింది. పోర్టు క్రేన్లకి ఉక్కు చక్రాలు పోసే చోటు అది. పోసిన చక్రాల్లో కొన్ని బీటలు వారుతున్నాయి, ఎందుకో కనుక్కోవాలి. రెండేళ్ల గడువు. కనుక్కుంటే అక్కడే ఉద్యోగం. లేదంటే ఇంకో ప్రాజెక్టు కోసం మళ్లీ ప్రొఫెసర్ల గదుల ముందు నిలబడడం. అప్పటికే ముప్పై నాలుగేళ్లొచ్చి, ఆ నిలబడడం అంటేనే విసుగు పుట్టేసింది. డిపార్ట్‌మెంటులో వాళ్లు 'కంపెనీకి అమ్ముడుపోయింది' అన్నారు. ఫౌండ్రీలో వాళ్లు 'యూనివర్సిటీ మేడమ్' అని పక్కకు తప్పుకున్నారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆ ఏడాది బాగా తెలిసింది.

మొదటి రోజు ల్యాప్‌టాప్ పట్టుకుని ఫర్నేసు దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడితే ఆయన వచ్చి అడిగిన మొదటి మాట, "తినీసినారా మేడమ్ గారూ?"

లేదన్నాను.

"అయితే ముందు క్యాంటీనుకి పదండి. కాళీ కడుపుతో ఈ వేడికాడ నిలబడితే కళ్లు తిరిగిపోతాయి."

మెడలో తడి తువ్వాలు, జేబులో లవంగాలు. ఆదివారం డ్యూటీ పడితే చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాతోనే వచ్చి, దాన్ని మడత నలగకుండా లాకర్లో పెట్టి ఖాకీలోకి మారేవారు. నీలం అద్దం పెట్టుకుని కరిగిన లోహం వైపు ఒక కన్ను మూసి చూసేవారు. "ఫర్నేసు ముందు అబద్ధం ఆడకూడదమ్మా, మనం దాసింది అదే బయట పెట్టేత్తాది" అనేవారు. నేను నవ్వేదాన్ని. ఆ మాటలో ఆయన తన భయమే చెప్పుకుంటున్నారని అప్పుడు తెలియలేదు.

లోహం కరిగించిన ప్రతిసారీ, అంటే ప్రతి 'హీటు'కీ, వేడి ఎంతో కడ్డీ ముంచి చూసి పుస్తకంలో రాయాలి. నాలుగేళ్ల పుస్తకాలు అడిగి తీసుకున్నాను. ఒక్కొక్క అంకెనీ కంప్యూటర్లోకి ఎక్కించడానికే నెలలు పట్టింది, కళ్లు పోయాయి. చివరికి తేలిందేమిటంటే, వేడి ఎప్పుడూ పదహారు వందల డిగ్రీల దగ్గరే నిక్కచ్చిగా ఉంది. కాబట్టి లోపం అచ్చుల్లో వాడే ఇసుకది. ప్రొఫెసర్ గారు పొంగిపోయి పేపర్ రాసేద్దామన్నారు. ఇసుక మార్చడానికి మేనేజిమెంటు సిద్ధమైంది. యూనివర్సిటీ, కంపెనీ కలిసి కూర్చునే సమావేశం ఇంక రెండు రోజులే ఉంది.

అప్పుడు క్యాంటీన్లో నా టేబులు దగ్గరికి ఫోర్‌మన్ గారు టీ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు.

"ఇసుక మార్సేత్తారంట. ఇసుక తప్పు నేదు మేడమ్ గారూ."

"పుస్తకాలన్నీ చూశానండీ. వేడి సరిగ్గానే ఉంది."

"ఆ పుస్తకం రాసింది మేమే కదమ్మా." కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "కడ్డీకి మొన ఉంటాది. ఓపాలి ముంచితే కాలిపోతాది. స్టోర్లో ఇంకోటి అడిగితే కసురుకుంటారు. అందుకని షిఫ్టులో మొదటి హీటుకే ముంచుతాం. మిగతావి కంటితో సూసి పోసేత్తాం. పుస్తకంలో మాత్రం పదారొందలు. రోజూ అదే రాత్తే బాగోదని ఓపాలి రెండు ఎక్కువ, ఓపాలి మూడు తక్కువ."

నాకు ఒళ్లు మండిపోయింది. "పద్దెనిమిది నెలలండీ. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"మీరు పుస్తకం అడిగినారు, ఇచ్చినాను. నన్ను అడగనేదు."

ఇన్నేళ్ల చదువులో అంకెల్ని ఎన్ని విధాలుగా పరీక్షించాలో నేర్చుకున్నాను. రాసిన మనిషిని పిలిచి అడగాలని మాత్రం తోచలేదు. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నారని అడిగాను. "ఆ సక్రాల కింద మనుసులు పని సేత్తారమ్మా. ఇసుక మార్సేసి, అయిపోయిందనుకుంటే ఎలాగ?" అన్నారు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకి నాలుగు నెలలు ఉంది.

సమావేశంలో నేను లేచి, రికార్డులు నమ్మదగ్గవి కావనీ, ప్రతి హీటుకీ కొలవాల్సిందేననీ చెప్పాను. పెద్ద మేనేజరు ఒక్కటే అడిగారు, "తప్పుడు అంకెలు రాసిందెవరు?"

మూడు షిఫ్టులూ అలాగే రాసేవి. మొనలు ఇవ్వనిది స్టోరు. అదంతా నాకు తెలుసు. కానీ చెబితే మెల్టింగ్ డిపార్ట్‌మెంటు మొత్తం గల్లంతు, కంపెనీ పరువు తీసిన ఒప్పందం గల్లంతు, నా ఉద్యోగమూ గల్లంతు. రిపోర్టు పేజీలు తిప్పాను. వివరాలు చెప్పడానికని పిలిపించిన ఫోర్‌మన్ గారు తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు.

"రాసింది నానే అండి" అన్నారు.

ఆయనకి మెమో ఇచ్చారు. ఆఖరి రోజున శాలువా లేదు, ఫోటో లేదు. లాకరు ఖాళీ చేసుకుని వెళ్లిపోయారు. నా రిపోర్టు నిజాయితీగా ఉందని మెచ్చుకుని నాకు ఉద్యోగం ఇచ్చారు. ప్రతి హీటుకీ మొనలు రావడం మొదలైంది. బీటలు తగ్గాయి.

తర్వాత ఒకే ఒక్కసారి వన్ టౌన్‌లో వాళ్లింటికి వెళ్లాను. సందులోకి ఆటో రాదు, నడిచి వెళ్లాను. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. నన్ను భోజనానికి కూర్చోబెట్టి ఆయన అడిగింది ఒకటే, "అన్ని హీట్లకీ ముంచుతన్నారా?" ముంచుతున్నారని చెప్పాను. "అదీ" అని, భార్యని పిలిచి నా కంచంలో ఇంకో చేప ముక్క వేయించారు. తినేసి వచ్చాను. వచ్చే నెల మళ్లీ వెళ్లి చెబుదామనుకున్నాను. ఏడాదిన్నర గడిచింది. అలిసిపోయానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజంగానే అలిసిపోయాను, కానీ వెళ్లకపోవడానికి కారణం అది కాదు.

మొన్న మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ ఫర్నేసు దగ్గరే చిన్న సంతాప సభ పెట్టాం. రెండు నిమిషాల మౌనం అయ్యాక నన్ను మాట్లాడమన్నారు. ఆ రోజు గదిలో అనని మాట అప్పుడన్నాను. "మూడు షిఫ్టులూ అలాగే రాసేవి. నాకు తెలుసు. నా ఉద్యోగం కోసం నోరు మూసుకున్నాను."

ఆయన దగ్గర ఇరవై ఏళ్లు పనిచేసిన ఆపరేటర్ తల దించుకునే అన్నాడు. "మాకు తెల్సు మేడమ్. ఆ రోజు మేమందరం మెట్ల కింద ఉన్నాం, లోపలికొచ్చి సెప్పేద్దారని. ఆయనే ఆపీసినారు."

"ఎందుకు?"

"అందరూ ఒప్పేసుకుంటే ఒప్పందం రద్దు సేసేత్తారు, ఆ అమ్మ మళ్లీ రోడ్డున పడతాది, నాకెలాగూ నాలుగు నెల్లే అన్నారు."

అందరి ముందూ ఏడ్చాను. ఎవరూ ఊరుకోమనలేదు. ఇంతలో హీటు పోయడానికి వేళయింది. కరిగిన లోహం మన ఏడుపు కోసం ఆగదు కదా. ఆపరేటర్ ముఖం తుడుచుకుని, కొత్త మొన తొడిగి కడ్డీ ముంచాడు. నేను పుస్తకం తీసుకున్నాను.

"పదిహేనొందల నలభై రెండు" అని చదివాడు.

తక్కువ. పోయడానికి చాలదు. అలాగే రాశాను. ఇంకాస్త కాగేదాకా రెండు షిఫ్టుల వాళ్లమూ ఫర్నేసు చుట్టూ నిలబడే ఉన్నాం.